సోయా గింజ నాణ్యతపై పొటాష్ ఎరువు ప్రభావం

సోయా చిక్కుడు గింజ గురించి ఎవరిని అడిగినా రెండు అంకెలు చెబుతారు: మాంసకృత్తులు సుమారు 40 శాతం, నూనె 20 శాతం. అంతగా వినపడని మూడో అంకె ఒకటుంది. వంద గ్రాముల ఎండు గింజలో దాదాపు 1.8 గ్రాముల పొటాషియం ఉంటుంది. మొక్కజొన్న గింజలో అది 0.3 గ్రాములకు అటూ ఇటూ. ఎరువు బస్తాల మీద రాసే ఆక్సైడ్ లెక్కన చూస్తే, టన్ను సోయా పొలం దాటినప్పుడల్లా సుమారు 20 కిలోల పొటాష్ దానితోపాటే దాటిపోతుంది. టన్ను మొక్కజొన్నతో పోయేది సుమారు నాలుగు కిలోలే. గింజలోకి ఇంత పొటాషియం ఎక్కించుకునే పంటకు నేలలో అది చాలకపోతే ఏమవుతుంది, చాలినంత అందిస్తే గింజలో ఏది బాగుపడుతుంది, ఏది బాగుపడదు అన్న ప్రశ్నల మీద అర్ధ శతాబ్దంగా అమెరికా, కెనడా, బ్రెజిల్, భారత్‌లలో ప్రయోగాలు జరుగుతున్నాయి.

వాటి సారం ఇది. నూనె, మాంసకృత్తుల శాతాలను పొటాష్ కదిలించేది స్వల్పంగానే. విత్తనంగా దాచే గింజ ఆరోగ్యాన్ని మాత్రం, పొటాషియం కొరవడిన నేలల్లో, గట్టిగా కదిలిస్తుంది. నేలలో ఇప్పటికే చాలినంత ఉన్నచోట ఇంకా వేస్తే ఈ రెండింటిలో ఏదీ పెద్దగా మారదు.

నాణ్యత ఎవరి కొలత

సోయా నాణ్యతకు ఒకటే కొలత లేదు. నూనె మిల్లు చూసేది నూనె శాతం, గింజలో తేమ. నూనె తీసిన పిండిని కోళ్ల దాణాకు కొనేవారు చూసేది మాంసకృత్తులు. సోయాపాలు, పనీరు తయారు చేసేవారికి గింజ పరిమాణం, రంగు, తొక్క తీరు ముఖ్యం. రైతుకు వీటన్నిటికంటే ముందుగా కావలసింది మొలక. సోయా తనలో తాను పరాగ సంపర్కం జరుపుకునే పంట. మంచి గింజను ఎంచి దాచుకుంటే వచ్చే ఏడు విత్తనం కొనక్కర్లేదు. కానీ దాచుకున్న విత్తనం మొలవడమే ఈ పంటలో అన్నిటికంటే కష్టం.

ఆ కష్టం గింజ నిర్మాణంలోనే ఉంది. సోయా గింజ తొక్క పలుచన. మొలకెత్తాల్సిన వేరు మొన ఆ తొక్క కిందే, దాదాపు పైకి కనిపించేంత దగ్గరగా ఆనుకుని ఉంటుంది. నూర్పిడి డ్రమ్ము కాస్త వేగంగా తిరిగినా, బస్తాను ఎత్తు నుంచి విసిరేసినా దెబ్బ మొలకకే తగులుతుంది. లోపలి నూనెలో సగానికి పైగా లినోలిక్ ఆమ్లం. గాలి, వేడి, తేమ తగిలితే ఇలాంటి నూనెలు త్వరగా చెడి, కణాల పొరలకు తూట్లు పొడుస్తాయి. మన దేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లో సోయా మొలక కనీసం 70 శాతం ఉంటే చాలని నిర్ణయించడానికి కారణం ఈ సున్నితత్వమే. పొటాషియం ప్రభావం అసలు తెలిసేది కూడా ఇక్కడే.

బూడిద నుంచి బస్తాకు

గుమ్మడి, సొర పాదుల మొదట్లో పొయ్యి బూడిద చల్లడం మన పల్లెల్లో పాత అలవాటు. ఆ బూడిదలో ఉన్నది ప్రధానంగా పొటాషియం లవణాలే. యూరప్‌లోనూ కలప బూడిదను నీటిలో కలిపి కుండల్లో మరిగించి తీసిన ఉప్పునే పొటాష్ అన్నారు. ఆ ఉప్పు నుంచి వచ్చిన క్షారాన్ని 1807లో హంఫ్రీ డేవీ విద్యుత్తుతో విడగొట్టి లోహాన్ని వేరు చేశాడు. 1861లో జర్మనీలోని స్టాస్‌ఫుర్ట్ దగ్గర పొటాష్ గనులు మొదలయ్యాక బూడిద అవసరం తీరి, గని ఉప్పు బస్తాల్లోకి ఎక్కింది. ఇవాళ మనకు దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రసాయనికంగా పొటాషియం క్లోరైడ్. ఇందులో ఆక్సైడ్ లెక్కన 60 శాతం పొటాష్ ఉంటుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌లో 50 శాతం.

నత్రజని మాంసకృత్తుల్లో, భాస్వరం కేంద్రకామ్లాల్లో భాగమైపోతాయి. పొటాషియం అలా దేనిలోనూ కలిసిపోదు. మొక్క రసంలో విడి అయానుగానే తిరుగుతూ 60కి పైగా ఎంజైములను పనిచేయిస్తుంది. ఆకు రంధ్రాలను తెరిచి మూసే కావలి కణాల్లో ఒత్తిడిని నిలిపేది, ఆకులో తయారైన చక్కెరను పోషకనాళాల్లోకి ఎక్కించి కాయ దాకా సాగనంపేది, రైబోసోముల దగ్గర మాంసకృత్తుల అల్లికకు తోడ్పడేది ఇదే. ఏ పదార్థంలోనూ బంధించబడి ఉండదు కనుక ముదురు ఆకు నుంచి లేత ఆకుకు, ఆకు నుంచి కాయకు తేలికగా తరలిపోతుంది. లోపం మొదట కింది ఆకుల అంచుల మీద పసుపు రంగుగా కనబడేది అందుకే.

సోయాకు మరో అవసరమూ ఉంది. వేరు బుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టాలంటే ఆకు నుంచి చక్కెర దిగాలి. పొటాషియం చాలని మొక్కలో ఆ చక్కెర ఆకుల్లోనే నిలిచిపోతుంది. బుడిపెలు తగ్గుతాయి, ఉన్నవి కూడా చురుగ్గా పనిచేయవు. దీన్ని నత్రజని కొరత అని తప్పుగా పోల్చుకుని పైపాటుగా యూరియా చల్లడం ఇలాంటి పొలాల్లో జరిగే పొరపాటు.

గింజ నిండే రోజులు

సోయా మొక్క పొటాషియాన్ని ఎక్కువగా తీసుకునేది పూత మొదలైనప్పటి నుంచి కాయల్లో గింజ నిండే దాకా. ఆ తర్వాత వేరు నుంచి రాక తగ్గి, ఆకుల్లోనూ కాడలోనూ ఉన్నది గింజకు తరలుతుంది. పంట మొత్తం తీసుకున్న పొటాషియంలో చివరకు గింజలో చేరేది దాదాపు సగం. మిగతా సగం కాడలో, కాయ పొట్టులో, రాలిన ఆకులో ఉండిపోతుంది. భాస్వరం సంగతి ఇలా కాదు, దానిలో అయిదింట నాలుగు వంతులు గింజలోకే పోతుంది.

కాయ కట్టే వేళ నేల ఎండితే కథ మారుతుంది. పొటాషియం వేరు దాకా చేరేది ప్రధానంగా నేల నీటిలో వ్యాపించడం ద్వారా. నీటి పొర పలుచబడితే దాని నడక మందగిస్తుంది. నేల పరీక్షలో నిల్వ పుష్కలంగా కనిపించిన నల్లరేగడిలో కూడా ఆగస్టులో రెండు మూడు వారాలు వాన మొహం చాటేస్తే మొక్క పొటాషియం కోసం ఆకలితో ఉంటుంది. లక్షణాలు బయటికి కనబడకపోవచ్చు. ఆకు పచ్చగానే ఉండి, గింజ మాత్రం చిన్నబోతుంది. ఇంకా ముదిరిన లోపమైతే పైభాగపు ఆకుల అంచులు కూడా మాడతాయి. కాయలు తక్కువ గింజలతో, గింజలు ముడుచుకుని, వంకరగా తేలతాయి.

బూజు, ముడత, మొలక

పొటాష్, విత్తన నాణ్యతల సంబంధాన్ని మొదట బయటపెట్టింది ఒక బూజు. డయాపోర్తే జాతి శిలీంధ్రాలు, వాటిలో ముఖ్యంగా ఫోమాప్సిస్ అని పిలిచేది, కాయ పచ్చిగా ఉన్నప్పుడే చడీచప్పుడు లేకుండా లోపల తిష్ఠ వేస్తాయి. కోత వేళ వానలు పడితే గింజలోకి దిగుతాయి. అలాంటి గింజ పగుళ్లు పట్టి, ముడుచుకుని, సున్నం పూసినట్టు తెల్లబారుతుంది. బాగా సోకినది మొలవదు. తక్కువగా సోకినది చూడటానికి నిగనిగలాడుతూనే ఉండి నేలలో కుళ్లిపోతుంది. రైతును ఎక్కువ దెబ్బ తీసేది ఈ రెండో రకమే.

అమెరికాలో డెలావేర్‌కు చెందిన శాస్త్రవేత్తలు 1974లో, పొటాష్ వేసిన మళ్లలో ఈ జాతి బూజు తగ్గిందని ప్రచురించారు. 1982లో ఒహాయో పరిశోధకులు ఫోమాప్సిస్ సోకడం, విత్తన నాణ్యత, దిగుబడి మూడింటినీ కలిపి పరిశీలించారు. పొటాషియం తక్కువగా ఉన్న నేలలో ఎరువు వేసినప్పుడు సోకిన గింజలు తగ్గి, నాణ్యత పెరిగినట్టు అక్కడా తేలింది. 1985లో బ్రెజిల్‌లోని లొండ్రీనా నగరంలో, ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాకు చెందిన సోయా కేంద్రంలో జోసె ఫ్రాన్సా నెటో, ఆయన సహచరులు పొటాషియం క్లోరైడ్ మోతాదులు, వేసే పద్ధతులు విత్తన నాణ్యతను ఎలా మారుస్తాయో చూశారు. బ్రెజిల్‌లో ఇది పుస్తకాల కోసం చేసిన పని కాదు. కోత కాలంలో వేడి, వాన కలిసివచ్చే ఆ దేశంలో మొలిచే విత్తనం తయారు చేయడం సోయా విస్తరణకే ఆయువుపట్టు. గింజను టెట్రజోలియం ద్రావణంలో నానబెట్టి, నిలువునా చీల్చి, ప్రాణమున్న కణాలు ఎర్రబడే తీరును బట్టి లోపలి గాయాలను చదివే పరీక్షకు ఆ కేంద్రం పేరుపొందింది.

పొటాషియం బూజును ఎలా అడ్డుకుంటుంది? అది శిలీంధ్రనాశిని కాదు, బూజును నేరుగా చంపదు. లోపమున్న మొక్కలో చక్కెరలు పిండిగా, అమైనో ఆమ్లాలు మాంసకృత్తులుగా మారడం కుంటుపడి, చిన్న అణువులుగా రసంలో పేరుకుంటాయి. బూజుకు అది వండి వార్చిన భోజనం. చాలినంత పొటాషియం ఉన్న మొక్కలో ఆ నిల్వలు తగ్గుతాయి, కణ కుడ్యాలు గట్టిపడతాయి.

నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైనది పంట పక్వానికి వచ్చే తీరు. పొటాషియం చాలని పొలంలో కొన్ని కాయలు ఎండి, కొన్ని పచ్చిగా ఉంటాయి. కాడ ఆకుపచ్చగానే నిలబడుతుంది. రైతు పచ్చి కాయల కోసం ఆగితే ఎండినవి వానకూ మంచుకూ నానుతాయి. ఆగకుండా కోస్తే పచ్చి గింజ నూర్పిడిలో నలిగి, నిల్వలో వేడెక్కుతుంది. గింజ ఎదుగుదల పూర్తయ్యే వేళ అందులో సగానికి పైగా నీరే. అక్కడి నుంచి 13, 14 శాతానికి ఆరే దాకా గింజ చెట్టు మీద, ఆకాశం దయ మీద ఉంటుంది. రాత్రి మంచుకు ఉబ్బి, పగటి ఎండకు ముడుచుకుని, మళ్లీ మళ్లీ ఉబ్బి ముడిగితే పలుచని తొక్క మీద ముడతలు, ఆ ముడతల కింద కణాల్లో పగుళ్లు వస్తాయి. పంటంతా ఒక్కసారి పండితే ఈ గండం గడిచే రోజులు తగ్గుతాయి. పొటాష్ విత్తనానికి చేసే ఉపకారంలో చాలా వంతు ఇలా కోతకు ముందటి కొద్ది రోజులను తగ్గించడంలోనే ఉందని చెప్పవచ్చు.

సెర్కోస్పోరా అనే మరో శిలీంధ్రం వల్ల గింజకు పట్టే ఊదారంగు మచ్చ విషయంలో ఆధారాలు ఇంత బలంగా లేవు. ఫోమాప్సిస్ విషయంలో కూడా అన్ని ప్రయోగాలూ ఒకే మాట చెప్పలేదు. నేలలో పొటాషియం చాలినంత ఉన్నచోట అదనపు ఎరువుకు ఫలితం అంతంత మాత్రమే. కోత వేళ ఆగకుండా ముసురు పట్టిందంటే ఎంత పొటాష్ వేసిన పంటకైనా బూజు తప్పదు. సకాలంలో కోయడం, నెమ్మదిగా నూర్చడం, తేమ 12 శాతానికి మించకుండా నిల్వ చేయడం వీటి పని పొటాష్ చేయలేదు. రకం ప్రభావమూ తక్కువేం కాదు. మధ్యప్రదేశ్‌లోని కాలీతూర్ అనే చిన్న నల్లగింజ దేశవాళీ రకం, ఎరువు ఎలా ఉన్నా, పెద్ద పసుపు గింజల రకాల కంటే ఎక్కువ కాలం మొలక నిలుపుకుంటుంది.

విత్తన చేవను కొలిచే పరీక్షల్లో ఒకదానికి కొలబద్ద పొటాషియమే. గింజను నీటిలో నానబెడితే దెబ్బతిన్న కణ పొరల నుంచి అయాన్లు బయటికి కారతాయి. వాటిలో అధిక భాగం పొటాషియం. నానబెట్టిన నీటి విద్యుత్ వాహకతను, లేదా నేరుగా అందులోని పొటాషియాన్ని కొలిచి, ఎక్కువగా కారితే చేవ తక్కువని నిర్ణయిస్తారు. బ్రెజిల్ విత్తన ప్రయోగశాలలు సోయాలో ఈ పద్ధతిని బాగా పరిశీలించాయి. 41 డిగ్రీల వేడిలో, నిండు తేమలో 72 గంటలు ఉంచి ఆపై మొలకెత్తించే కృత్రిమ ముసలితనపు పరీక్షతో కలిపి చూస్తే, గోదాములో ఆరు నెలలు నిలిచే విత్తనం ఏదో ముందే పసిగట్టవచ్చు. మంచి విత్తనంలో ఈ పొటాషియం ఫైటిక్ ఆమ్లపు లవణంగా, మెగ్నీషియంతో కలిసి, మాంసకృత్తుల గుళికల్లో దాగి ఉంటుంది. మొలకెత్తే వేళ ఎంజైములు దాన్ని విడిపిస్తే అది కణాల్లో నీటి ఒత్తిడిని నిలిపి, మొలకను మట్టి పెల్లను చీల్చుకుని పైకి రానిస్తుంది.

నూనె, మాంసకృత్తులు

సోయాలో నూనె శాతం పెరిగితే మాంసకృత్తుల శాతం తగ్గుతుంది. ఈ ఎదురుబొదురు సంబంధం రకాల ఎంపికలోనే కాక ఎరువుల ప్రయోగాల్లోనూ కనబడుతుంది. మడగాస్కర్‌లో చేసి 1983లో ప్రచురించిన పరిశోధనలో పొటాష్ వేసినప్పుడు నూనె శాతం పెరిగి, మాంసకృత్తుల శాతం తగ్గింది. ఆకు నుంచి గింజకు చక్కెర ధారాళంగా దిగినప్పుడు నూనెకు కావలసిన కర్బనం దొరుకుతుంది. గింజ నిండి బరువెక్కినప్పుడు, ఉన్న నత్రజని పెద్ద గింజలో పలుచబడుతుంది. రెండు కారణాలూ కలిసి పనిచేస్తాయి.

ఎంత మారుతుందన్నదే అసలు ప్రశ్న. అయోవాలో చాలా పొలాల్లో చేసి 2005లో ప్రచురించిన పరిశీలనలో నేలకు వేసిన, ఆకులపై చల్లిన ఎరువుల వల్ల నూనె, మాంసకృత్తుల శాతాల్లో వచ్చిన మార్పు చిన్నది, నిలకడ లేనిది, అన్ని పొలాల్లోనూ కనబడనిది. మారింది మొత్తం రాబడి. దిగుబడి పెరిగిన పొలంలో ఎకరాకు దక్కే నూనె కిలోలు, మాంసకృత్తుల కిలోలు రెండూ పెరిగాయి. మిల్లు యజమానికీ దాణా వ్యాపారికీ ఇది మంచి కబురే. కానీ దీన్ని గింజ నాణ్యత పెరగడంగా లెక్కవేయకూడదు. గింజ అదే, గింజలు ఎక్కువయ్యాయి.

గింజలో గంధకం ఉండే మెథియోనిన్, సిస్టీన్ అమైనో ఆమ్లాల కొరత సోయా మాంసకృత్తులకు పుట్టుకతో వచ్చిన లోపం. దాన్ని పొటాషియం సరిదిద్దలేదు. గంధకం కొరవడిన నేలల్లో సల్ఫేట్ రూపంలో పొటాష్ వేస్తే మేలు కనబడవచ్చు. ఆ మేలులో గంధకపు వాటాను పొటాష్ ఖాతాలో వేయకుండా చూసుకోవాలి.

ఐసోఫ్లేవోన్లది వేరే కథ. డైడ్జీన్, జెనిస్టీన్ వంటి ఈ పదార్థాల కోసం సోయాను ఆహారంగా కొనేవారున్నారు. కెనడాలోని ఒంటారియోలో, దున్నకుండా సాగుచేసే పొలాల్లో జరిపి 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో, పొటాషియం తక్కువగా ఉన్న నేలల్లో ఎరువు వేసినప్పుడు ఈ రెండు పదార్థాలూ, ఐసోఫ్లేవోన్ల మొత్తమూ పెరిగాయి. నిల్వ బాగా ఉన్న నేలల్లో ఆ పెరుగుదల కనబడలేదు. లోపాన్ని పూడ్చడం వల్ల వచ్చే లాభం లోపం తీరాక ఆగిపోవడం ఈ వ్యాసంలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే సంగతి.

నేలనుబట్టి

బ్రెజిల్ మధ్య పీఠభూమిని సెరాడో అంటారు. అక్కడి ఎర్రనేలలు యుగాలుగా వానలకు కొట్టుకుపోయి, కయోలినైట్ బంకమట్టి, ఇనుప, అల్యూమినియం ఆక్సైడ్లు మాత్రమే మిగిలినవి. వాటికి పొటాషియాన్ని పట్టి ఉంచే శక్తి తక్కువ, దాచిన నిల్వ దాదాపు లేదు. 1970ల నుంచి ఆ నేలలో సోయాను విస్తరించిన వారికి పొటాష్ వేయకుండా సాగదని త్వరలోనే అర్థమైంది. బ్రెజిల్ తనకు కావలసిన పొటాష్ దాదాపు అంతా దిగుమతి చేసుకుని, ప్రపంచంలోకెల్లా పెద్ద సోయా పంట తీస్తోంది.

మన దక్కను నల్లరేగడి అందుకు పూర్తిగా భిన్నం. స్మెక్టైట్ బంకమట్టి పొరల మీద మార్పిడికి వీలైన పొటాషియం బాగా ఉంటుంది. పొరల మధ్య ఇరుక్కున్న నిల్వ కూడా నెమ్మదిగా విడుదలవుతుంది. నేల పరీక్షలో అమ్మోనియం ఎసిటేట్‌తో కొలిచేది మొదటి దాన్నే, రెండోదాన్ని అది చూడదు. అందుకే నల్లరేగడిలో పొటాష్‌కు దిగుబడి స్పందన చాలాకాలం అంతగా కనబడలేదు. ‘నల్లరేగడికి పొటాష్ అక్కర్లేదు’ అన్న మాట అలా పుట్టింది. అది పుట్టిన రోజుల్లో నిజం. ఏడాదికి ఒక వర్షాధార జొన్న పంట తీసే నేలకు అది సరిపోయింది. వానాకాలం సోయా, యాసంగిలో శనగో గోధుమో మొక్కజొన్నో వేసి, గింజతోపాటు కాడనూ పొలం దాటిస్తూ దశాబ్దాలు గడిచాక నేల తన లోపలి నిల్వను ఖర్చు చేసి పంటను నిలబెడుతోంది. ఖర్చవుతున్నట్టు మామూలు నేల పరీక్షలో కనబడదు. కనబడే నాటికి చాలా పోయి ఉంటుంది.

తెలంగాణ సోయా పొలాలు

మన దేశపు సోయా రాజధాని మధ్యప్రదేశ్‌లోని మాళ్వా. 1987లో జాతీయ సోయా పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పిన ఇండోర్ ఆ నడుమే ఉంది. తెలుగు నేల మీద సోయా ప్రధానంగా ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, సంగారెడ్డి జిల్లాల పంట. జూన్‌లో తొలకరికి విత్తితే సెప్టెంబరు ఆఖరుకో అక్టోబరుకో కోతకు వస్తుంది. నైరుతి వెళ్లిపోయే వానలు సరిగ్గా అప్పుడే పడతాయి. 2019 అక్టోబరులో పొరుగున ఉన్న మహారాష్ట్రలో కోతల వేళ కురిసిన వానల దెబ్బ మరుసటి ఏడు జూన్‌లో బయటపడింది. మరఠ్వాడాలో వేలాది మంది రైతులు విత్తనం మొలవలేదని ఫిర్యాదు చేశారు, సంగతి హైకోర్టు దాకా వెళ్లింది. ఆ విత్తనం పాడైంది ప్రధానంగా వాన వల్ల. దాన్ని పొటాష్ ఖాతాలో వేయడం సరికాదు. కానీ మొలక ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో అది చూపించింది. ఆ దారానికి ఏ కాస్త బలమిచ్చే పనినైనా వదలకూడదు.

తెలంగాణలో సోయాకు సాధారణంగా చెప్పే మోతాదు ఎకరాకు 12 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్. ఆ 16 కిలోల కోసం మ్యూరేట్ సుమారు 27 కిలోలు, అంటే బస్తాలో సగం పైచిలుకు కావాలి. ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు పండితే గింజతో పోయేది కూడా సుమారు 16 కిలోలే. లెక్క సరిగ్గా సరిపోతోంది. అయితే పొలంలో పడేది చాలాచోట్ల ఈ మోతాదు కాదు, డీఏపీ ఒక్కటే. డీఏపీలో నత్రజని, భాస్వరం ఉన్నాయి, పొటాష్ లేదు. దీనికి ధర కూడా ఒక కారణం. వాడుకోదగ్గ పొటాష్ గనులు మన దేశంలో లేవు. కెనడా, రష్యా, బెలారస్, ఇజ్రాయెల్, జోర్డాన్ వంటి దేశాల నుంచి ఓడల్లో రావాల్సిందే. 2010 ఏప్రిల్‌లో పోషకాధారిత సబ్సిడీ విధానం వచ్చాక మ్యూరేట్ ధర కొన్నేళ్లలోనే మూడు రెట్లు దాటింది. యూరియా ధర మాత్రం కట్టడిలోనే ఉంది. రైతు ముందుగా వదిలేసింది, వేయకపోతే వెంటనే తేడా కనబడని పొటాష్‌ను.

అమ్మకానికి పండించే పొలానికి, విత్తనానికి పండించే పొలానికి ఒకే మోతాదు చెప్పడం కూడా ఆలోచించాల్సిన విషయం. మొదటిదాంట్లో పొటాష్ ఖర్చును దిగుబడితో తూచాలి. రెండోదాంట్లో మొలక శాతంతో తూచాలి. దిగుబడి పెరగని నేలలో కూడా పంట ఒక్కసారి పండి, గింజ బూజు తగ్గితే విత్తన రైతుకు ఖర్చు గిట్టవచ్చు. విత్తనం కోసమే యాసంగిలో సోయా వేసి, పొడి వాతావరణంలో కోసేవారికి బూజు బెడద సహజంగానే తక్కువ, ఈ విషయంలో పొటాష్ చేయగలిగేదీ అంతే తక్కువ.

వేసే తీరు

పొటాష్‌ను ఆఖరి దుక్కిలో నేలలో కలిసేలా వేయడమే మేలు. విత్తనంతోపాటు అదే సాలులో దగ్గరగా వేస్తే ఉప్పు గాఢతకు మొలక మాడుతుంది. సోయా విత్తనం దీన్ని అసలు ఓర్చుకోదు. తేలిక నేలల్లో, వాన ఎక్కువ పడేచోట సగం దుక్కిలో, సగం పూతకు ముందు వేయడానికి అర్థముంది. బరువు నేలల్లో ఒక్కసారి చాలు. కాయ దశలో పొటాషియం నైట్రేట్ పిచికారీ చేయడం వర్షాభావంలో కొంత ఆదుకోవచ్చు. కానీ పిచికారీ నీటితో ఆకు తీసుకోగలిగేది గింజ కోరే దానిలో చిన్న వంతే, అది నేల ఎరువుకు బదులు కాదు.

మ్యూరేట్‌లో సుమారు 47 శాతం క్లోరైడ్ ఉంటుంది. అమెరికా ఆగ్నేయ తీరంలోని నీరు నిలిచే పల్లపు నేలల్లో 1980ల ఆరంభంలో క్లోరైడ్ విషప్రభావంతో కొన్ని సోయా రకాలు మాడిపోయాయి. క్లోరైడ్‌ను వేరులోనే ఆపేసే రకాలు తట్టుకున్నాయి, ఆకుల్లోకి ఎక్కించుకునేవి దెబ్బతిన్నాయి. చౌడు పొలాల్లో, మురుగు పోని చేలల్లో సోయా వేసేవారు సల్ఫేట్ రూపాన్ని ఎంచుకోవడం క్షేమం. మోతాదు మించితే మరో నష్టం ఉంది. వేరు దగ్గర పొటాషియం గుమిగూడితే కాల్షియం, మెగ్నీషియం లోపలికి రావడం తగ్గుతుంది. గింజ తొక్క గట్టిదనానికి, మొలక నిటారుగా లేవడానికి కాల్షియం కావాలి. ‘ఇంకొంచెం వేస్తే ఇంకొంచెం మేలు’ అనే లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

బస్తాకు పెట్టే డబ్బు ఎలా ఉన్నా, పంట తీసుకున్న పొటాషియంలో సగం కాడలో, పొట్టులో మిగిలి ఉందన్న సంగతి మరచిపోరాదు. ఏ పదార్థానికీ కట్టుబడనిది కనుక అది కుళ్లేదాకా ఆగదు. ఎండిన కాడ మీద రెండు గట్టి వానలు పడితే చాలు, కరిగి నేలలోకి దిగుతుంది. నూర్పిడి యంత్రం ఆగిన చోట పొట్టు కుప్ప అలాగే వదిలేసిన పొలంలో, మరుసటి వానాకాలం ఆ కుప్ప ఉన్న మేరకు పైరు ఒత్తుగా, ముదురాకుపచ్చగా, గుండ్రని మచ్చలా ఎదగడం చూడవచ్చు. పొలమంతటికీ పరచాల్సిన ఎరువు ఆ ఒక్క చోటే దిగింది.